బొమ్మకో గోడ.. కళాకారుడికో గూడు
సీమలో చిత్రకళకు సొంత వేదిక సాధ్యమేనా?

కడప, కర్నూలు: కర్నూలు జిల్లా కేతవరం గుట్టల్లోను, కడప జిల్లా చింతకుంట బండరాళ్లపైనా ఆదిమ మానవుడు గీసిన బొమ్మలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఆనాటి చిత్రకారునికి గోడ వెతుక్కునే బాధ లేదు. ఊరి పక్కనున్న గుట్టే అతని ప్రదర్శనశాల. చూడవచ్చిన వారే అతని ప్రేక్షకులు. నేటి చిత్రకారునికి ఆ భాగ్యం లేదు. కడప యోగివేమన విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగం ఉన్నది. 2020లో కడపకే ప్రత్యేకంగా వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం వచ్చింది. బొమ్మ నేర్పే చోటుకు కొదవ లేదు. పట్టా చేతికొచ్చిన మరునాడు బొమ్మ వేసేదెక్కడ, చూపేదెక్కడ అన్నదే ప్రశ్న. సమాధానం దొరకని యువత హైదరాబాదు, బెంగళూరు బస్సెక్కుతున్నది.

ఈ చిక్కుకు దేశంలో పలుచోట్ల కళాకారులే ఒక దారి కనుగొన్నారు. అదే కళాకారులు స్థాపించి, లాభాపేక్ష లేకుండా తామే నడుపుకొనే కళాకేంద్రం.

ఏమిటీ కేంద్రం?

చిత్ర ప్రదర్శనశాలలు సాధారణంగా రెండు రకాలు. వ్యాపార గ్యాలరీలో అమ్ముడుపోయే బొమ్మకే చోటు. అమ్మకంలో గ్యాలరీకి వాటా ఉంటుంది. ప్రభుత్వ ప్రదర్శనశాలలో దరఖాస్తు, అనుమతి, కేటాయింపు తప్పవు. మూడో రకమైన ఈ కేంద్రంలో నిర్ణయం కళాకారులదే. ఏ బొమ్మ పెట్టాలి, ఎవరిని పిలవాలి, పిల్లలకు ఏ రోజున నేర్పాలి అన్నది వారే తేల్చుకుంటారు. వచ్చిన సొమ్ము సభ్యుల జేబుల్లోకి పోదు. అద్దెకు, రంగులకు, తర్వాతి కార్యక్రమానికి ఖర్చవుతుంది. చుట్టుపక్కల ప్రజలు టిక్కెట్టు లేకుండా వచ్చి చూడగలగడం దీని ప్రాణం.

రాజమహేంద్రిలో తొలి బీజం

తెలుగునాట ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. రాజమండ్రి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయిలో చదివి వచ్చిన దామెర్ల రామారావు 1920వ దశకం తొలినాళ్లలో సొంత ఊరిలోనే చిత్రకళాశాలకు శ్రీకారం చుట్టారు. 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచి ఆయనను బలిగొన్నది. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ దీపం ఆరిపోకుండా కాచారు. దామెర్ల పేరిట రాజమండ్రిలో వెలసిన చిత్రశాల ఆ కృషి ఫలమే. మొదలుపెట్టిన వ్యక్తి పోయినా పని నిలవాలంటే దానిని భుజానికెత్తుకునే మనుషులు ఉండాలన్నది ఆ చరిత్ర చెప్పే పాఠం.

మైనపు అద్దకంతో వెలసిన ఊరు

చెన్నై శివార్లలోని చోళమండలం ఈ తరహా ప్రయోగాల్లో పెద్దది. మద్రాసు కళాశాల ప్రిన్సిపాల్ కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వంలో 1966లో ఇంజంబాక్కం సముద్రతీరాన ఇది ఏర్పడింది. చదువు ముగిసిన శిష్యులు పొట్టకూటికి గుమాస్తా కొలువుల్లో చేరి కుంచె వదిలేయడం ఆయనను కలచివేసింది. బొమ్మలు కొనేవారు అరుదు. అందువల్ల కళాకారులు ముందుగా హస్తకళల సంఘం పెట్టుకున్నారు. బట్టపై మైనంతో అద్దే బాతిక్ పనులు చేసి అమ్మారు. ఆ రాబడితోనే భూమి కొన్నారు. సుమారు పదెకరాల్లో మొదట పాకలు, తర్వాత ఇళ్లు లేచాయి. పగలు కొంతసేపు చేతిపని, మిగిలిన వేళ సొంత చిత్రం, శిల్పం. ఇదీ వారి పద్ధతి. తెలుగు చిత్రకారుడు రెడ్డెప్ప నాయుడి పేరు కూడా ఈ మద్రాసు కళోద్యమంతో ముడిపడి ఉన్నది. 1977లో పణిక్కర్ మరణించినా ఊరు చెదరలేదు. 2009లో అక్కడే సమకాలీన కళాకేంద్రం, మ్యూజియం ప్రారంభమయ్యాయి.

పదెకరాలు లేకుంటే పని సాగదా? సాగుతుందని బెంగళూరు చెబుతున్నది. కళాచరిత్రకారుడు, చిత్రకారుడు సురేశ్ జయరామ్ 2003లో శాంతినగర్‌లోని తన ఇంటినే 'వన్ శాంతిరోడ్' పేరిట కళాకారులకు తెరిచారు. బయటి ఊళ్ల కళాకారులు అక్కడ బస చేసి పనిచేసుకుంటారు. ముగిశాక అక్కడే ప్రదర్శిస్తారు.

చేతిపంపు వద్ద కళ

'తాగునీటికే కటకటలాడే సీమలో బొమ్మల గది ఎవరికి కావాలి?' అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు ఛత్తీస్‌గఢ్‌లోని కొండగావ్‌లో దొరుకుతుంది. ముంబయి కళాకారిణి నవజోత్ అల్తాఫ్ 1990వ దశకం చివర్లో అక్కడికి వెళ్లి రాజ్‌కుమార్, శాంతిబాయి, గెస్సురామ్ అనే స్థానిక శిల్పులతో కలిసి పని ప్రారంభించారు. వారు ఎంచుకున్న చోటు చేతిపంపు. పంపు చుట్టూ బురద, మురుగు. నిండుబిందె నేల మీది నుంచి తలకెత్తుకోవడానికి మహిళలకు నడుము విరిగేంత పని. శిల్పులు స్త్రీలతో మాట్లాడి ఆ చోటుకు కొత్త రూపం ఇచ్చారు. బిందెను అంచెలంచెలుగా దించి ఎత్తుకునేందుకు అరుగులు, గూళ్లు కట్టారు. వృథా నీరు పారేందుకు దారి చేశారు. గోడలపై తమ శిల్పరీతిని చెక్కారు. వీటికి 'నల్‌పార్' అని పేరు. పిల్లలు ఆడుకుని బొమ్మలు వేసుకునేందుకు కట్టిన మందిరాలకు 'పిల్లా గుడి' అని పేరు పెట్టారు. ఆ మాట మనకు వేరే అర్థం చెప్పనక్కరలేదు. కళ జనం అవసరం తీర్చగలదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

మనకున్న బలం

సీమకు చేతిపని తెలిసినవారి కొరత లేదు. ఆళ్లగడ్డ శిల్పులు రాతిని మలచడంలో దిట్టలు. పొరుగున నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావును 2020లో పద్మశ్రీ వరించింది. ఫ్లెక్సీలు వచ్చాక బతుకుతెరువు కోల్పోయిన బోర్డు చిత్రకారులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. పట్టా పొందిన యువ చిత్రకారుడు, ఆళ్లగడ్డ ఉలి, గోడరాతల కుంచె ఒకే కప్పు కింద చేరితే ఒకరికొకరు నేర్పుకోగలిగేది చాలా ఉంటుంది.

ప్రజలు కూడబెట్టి సంస్థను నిలబెట్టడమూ ఇక్కడివారికి తెలిసినదే. సి.పి. బ్రౌన్ పండితులను తన ఖర్చుతో పోషించి తాళపత్రాలు పరిష్కరింపజేసిన కడప బంగళా శిథిలమైతే, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి ఊరూరా విరాళాలు సేకరించి ఆ స్థలంలో గ్రంథాలయం లేపారు. తర్వాత అది యోగివేమన విశ్వవిద్యాలయం పరిధిలోకి చేరింది. కర్నూలు సి.క్యాంపులోని టి.జి.వి. కళాక్షేత్రం నాటకానికి నీడనిస్తున్నది. చిత్రకళకూ అలాంటి నీడ కోరడం అత్యాశ కాదు.

ఏడుగురు చాలు

చట్టం పెద్ద అడ్డంకి కాదు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘాల నమోదు చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘాన్ని రిజిస్టరు చేయవచ్చు. ఆశయాలు, నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రారుకు సమర్పించాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, లెక్కలు తనిఖీ చేయించాలి. ఆదాయపు పన్ను చట్టం కింద గుర్తింపు పొందితే దాతలకు రాయితీ లభిస్తుంది.

మరో దారి కంపెనీల సామాజిక బాధ్యత నిధులు. 2013 కంపెనీల చట్టం ప్రకారం అర్హత గల కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సమాజం కోసం ఖర్చు చేయాలి. కళ, సంస్కృతి ఆ జాబితాలో ఉన్నాయి. సిమెంటు కర్మాగారాలు గల ఈ ప్రాంతంలో అడగడానికి గుమ్మాలు లేకపోలేదు. అయితే బయటి సంఘానికి ఆ నిధులు అందాలంటే పన్ను గుర్తింపుతోపాటు కనీసం మూడేళ్ల పని అనుభవం చూపాలి. అంటే తొలి మూడేళ్లు సొంత కాళ్లపై నిలవక తప్పదు. చోళమండలం వారికి బాతిక్ ఎలా ఆసరా అయిందో, ఇక్కడివారికీ అలాంటి చేతిపని ఒకటి కావాలి.

చిక్కులూ ఉన్నాయి

ఒక్కరి ఉత్సాహంతో మొదలైన సంఘాలు ఆ ఒక్కరు అలసిపోగానే మూతపడతాయి. విరాళమిచ్చినవారు గోడ మీద బొమ్మను కూడా తామే నిర్ణయించాలనుకోవచ్చు. నెలవారీ అద్దె, కరెంటు బిల్లు ఆశయాలను చూసి ఆగవు. అందుకే బాధ్యతలు పంచుకోవడం, పదవులు మారుతుండడం, లెక్కలు అందరి ముందు పెట్టడం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి.

భవనం కట్టాకే ప్రారంభిద్దామనుకుంటే ఏళ్లు గడుస్తాయి. సెలవు రోజుల్లో ఖాళీగా ఉండే బడి గది, ఊరి చావడి, ఎవరి ఇంటి వసారా అయినా తొలి ప్రదర్శనకు సరిపోతుంది. కేతవరం చిత్రకారునికి ఉన్నదల్లా ఒక బండ, కాస్త ఎర్రరంగు. గోడ ఇచ్చేవారు ఒకరు, బొమ్మ వేసేవారు ఏడుగురు ముందుకొస్తే సీమ పిల్లలు బస్సెక్కే ముందు ఒక్కసారైనా ఆగి ఆలోచిస్తారు.