స్మార్ట్‌వాచ్‌లో ఎస్‌పీఓ2 రీడింగ్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

స్మార్ట్‌వాచ్ వెనక వెలిగే ఎర్ర లైట్‌ని గమనించారా? రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని (ఎస్‌పీఓ2) కొలవడానికి అది, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ లైట్ కలిసి పనిచేస్తాయి.

ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ ఇన్‌ఫ్రారెడ్‌ని ఎక్కువగా పీల్చుకుంటుంది, ఆక్సిజన్ లేనిది ఎర్ర కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మారే కాంతినే సెన్సర్ లెక్కలోకి తీసుకుని, ఈ రెండింటి నిష్పత్తితో శాతం చెప్తుంది. ఈ పద్ధతిని 1970ల్లో కనిపెట్టింది జపాన్ ఇంజినీర్ టకువో అవొయాగి.

మరి తేడా ఎక్కడ వస్తుంది? వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో లైట్ వేలు దాటి అవతలి వైపుకి వెళ్తుంది. మణికట్టు దగ్గర అలా కుదరదు, వెనక్కి తిరిగొచ్చిన కాంతితోనే సరిపెట్టుకోవాలి. అందుకే పట్టీ వదులుగా ఉన్నా, చెయ్యి కదిలినా, చల్లబడినా రీడింగ్ తప్పుతుంది. చర్మం రంగు ముదురుగా ఉంటే వేలి ఆక్సీమీటర్ కూడా ఒక్కోసారి అసలు కంటే ఎక్కువ చూపించొచ్చు.

రీడింగ్ తీసేటప్పుడు పట్టీ బిగించి, చెయ్యి టేబుల్ మీద కదలకుండా పెట్టండి. ఆయాసంగా ఉంటే మాత్రం వాచ్‌లో 97 కనిపించినా ఆగకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.