ముప్పైతొమ్మిది ఊళ్ల మధ్య ఒక మనిషి

2024 జనవరిలో కెన్‌మోర్ అనే చిన్న పట్టణపు కౌన్సిల్ ముందుకు ఒక భవనం సంగతి ఓటుకు వచ్చింది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటెల్‌కు ఉత్తరాన సరస్సు ఒడ్డున ఉన్న ఊరది. కట్టాలనుకున్నవి వంద చిన్న అపార్ట్‌మెంట్లు. రోడ్డు మీదో, షెల్టర్లోనో రోజులు గడిపిన వృద్ధులు, వికలాంగులు, మాజీ సైనికులు వాటిలో ఉంటారు. స్థలం ఊరిదే. కట్టేది ప్లిమత్ హౌసింగ్ అనే, ఈ పనిలో దశాబ్దాల అనుభవమున్న లాభాపేక్ష లేని సంస్థ. అంతకుముందు దాన్ని ఎంచుకున్నదీ ఆ ఊరే. తీరా ఓటు దగ్గరికి వచ్చేసరికి స్వల్ప తేడాతో కౌన్సిల్ కాదంది.

నెల తిరిగేసరికి ఆ భవనానికి వేరే చిరునామా దొరికింది. కొద్ది మైళ్ల దూరంలోని రెడ్మండ్ పట్టణం తన డౌన్‌టౌన్‌లోని స్థలాన్ని ఇస్తానంది. రెడ్మండ్ పేరు తెలుగువాళ్లకు కొత్త కాదు. మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం అక్కడే. మన ఊళ్లలో ‘మా అబ్బాయి సియాటెల్‌లో ఉంటాడు’ అని చెప్పే తల్లిదండ్రుల్లో చాలామంది పిల్లలు నిజానికి ఉండేది రెడ్మండ్‌లోనో, సమ్మామిష్‌లోనో, బాతెల్‌లోనో. రెడ్మండ్ నిర్ణయాన్ని అందరూ మెచ్చుకోలేదు. స్కూళ్లు, పార్కులు దగ్గర్లో ఉండగా ఇక్కడే ఎందుకని కౌన్సిల్ సభల్లో నిలదీశారు. అడిగినవారిలో వలస వచ్చి స్థిరపడిన ఆసియా కుటుంబాలూ ఉన్నాయి. అయినా కౌన్సిల్ వెనక్కి తగ్గలేదు.

ఒక ఊరు వద్దన్నదాన్ని పక్క ఊరు తీసుకుంది కాబట్టి ఇది మంచి కథలాగే కనిపిస్తుంది. ఆ పక్క ఊరు కూడా వద్దని ఉంటే? అలా అనడానికి ప్రతి ఊరికీ హక్కుంది. అసలు చిక్కు అక్కడే.

కింగ్ కౌంటీలో సియాటెల్‌తో కలిపి 39 నగరాలు, పట్టణాలు ఉన్నాయి. కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా. అయితే అక్కడ కలెక్టరు ఉత్తర్వుతో కదిలే యంత్రాంగం ఉండదు. ప్రతి ఊరికీ సొంత కౌన్సిల్, సొంత బడ్జెట్, ఏ వీధిలో ఎన్ని అంతస్తులు లేపవచ్చో చెప్పే సొంత నిబంధనలు ఉంటాయి. ఇల్లులేని మనిషికి ఈ సరిహద్దులతో పనిలేదు. ఒక ఊళ్లో అద్దె కట్టలేక ఖాళీ చేస్తాడు. రెండో ఊళ్లో కారులో పడుకుంటాడు, మూడో ఊళ్లో అన్నం పెట్టే చర్చికి వెళ్తాడు, నాలుగో ఊళ్లో ఆసుపత్రిలో చేరతాడు. అతని ఖర్చును ఎవరి ఖాతాలో రాయాలన్నది తేలదు. తేలకపోతే ప్రతి ఊరికీ తోచే చవకైన ఉపాయం ఒకటే: పక్క ఊరికి పొమ్మనడం.

ఓరెగాన్ రాష్ట్రంలోని గ్రాంట్స్ పాస్ అనే ఊరు ఈ ఉపాయాన్ని దాచుకోకుండా చెప్పింది. ఇక్కడ అసౌకర్యంగా ఉండేట్టు చేస్తే వాళ్లే వేరేచోటికి సాగిపోతారని 2013లో ఒక సమావేశంలో ఆ ఊరి కౌన్సిల్ అధ్యక్షురాలు అన్న మాట తర్వాత కోర్టు రికార్డులకెక్కింది. ఆరుబయట దుప్పటి కప్పుకుని పడుకున్నవారికి జరిమానా వేసే ఆ ఊరి నిబంధన మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 జూన్ 28న కోర్టు 6–3 మెజారిటీతో ఊరి పక్షాన తీర్పిచ్చింది. దాంతో తరిమే పనికి చట్టపరమైన అడ్డు దాదాపు తొలగినట్లయింది. తరిమితే ఏమవుతుందో సియాటెల్‌కు దక్షిణాన ఉన్న బ్యూరియన్ 2023లోనే చూసింది. సిటీ హాలు, లైబ్రరీ ఉన్న భవనం దగ్గరి టెంట్లను లేపేస్తే అవి ఆ దాపునే ఇంకో స్థలంలో లేచాయి. అక్కడ లేపేస్తే మరోచోట. పది లక్షల డాలర్లు, 35 చిన్న గదులు ఇస్తామని కౌంటీ ముందుకొచ్చింది. వాటిని ఎక్కడ పెట్టాలన్న దగ్గర విషయం నెలల తరబడి నలిగింది.

అందుకే ఊళ్లు కలిసి పనిచేయాలన్న మాట పుట్టింది. కలిసి అన్న మాట సభల్లో చప్పట్లు తెస్తుంది. దానికి అర్థమేమిటని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. నా వరకు దాన్ని కొలిచే గీటురాయి ఒకటే: కూటమిలో చేరిన ఊరు ఏం వదులుకుంది? డబ్బా, స్థలమా, తుది నిర్ణయాధికారమా? ఏదీ వదులుకోకుండా కలిశామంటే సమావేశాలు పెరిగాయని అర్థం.

వదులుకుని చూపించినవాళ్లు టెక్సాస్‌లో ఉన్నారు. 2011లో హ్యూస్టన్ ప్రాంతంలో ఒక్క రాత్రి లెక్కలో సుమారు 8,500 మంది ఇల్లులేనివారు తేలారు. దేశంలో ఈ సమస్య బాగా ముదిరిన ప్రాంతాల్లో అదొకటి. సాయం చేసే సంస్థలకు కొదవ లేదు. అయితే ప్రతి సంస్థకూ తన ఫారం, తన వెయిటింగ్ లిస్టు, తన షరతులు. ఒక మాజీ సైనికుడికి ఇల్లు ఇప్పించడానికి 720 రోజులు, 76 మెట్లు పట్టేవని 2022లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. అప్పటి మేయర్ అనీస్ పార్కర్ హయాంలో 2012 నుంచి ఈ సంస్థలన్నిటినీ ‘ద వే హోం’ పేరుతో ఒక్క గొడుగు కిందికి తెచ్చారు. హ్యూస్టన్ నగరంతోపాటు హారిస్, ఫోర్ట్ బెండ్, మాంట్‌గోమరీ కౌంటీలు, పాసడీనా, కాన్రో పట్టణాలు అందులో భాగం. భాగస్వామ్య సంస్థలు వందకు పైగా.

వాళ్లు చేసిన పని వినడానికి చప్పగా ఉంటుంది. ఎక్కడికి వెళ్లి అడిగినా అవే ప్రశ్నలు, అదే కంప్యూటర్ రికార్డు, ఒకే జాబితా. ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారు ముందు. ఎవరికి ఇల్లివ్వాలో సంస్థ తేల్చదు, జాబితా తేలుస్తుంది. తన గుమ్మం దగ్గరికి వచ్చినవారిలోంచి తనకు నచ్చినవారిని, సులువుగా దారికి వచ్చేవారిని ఎంచుకునే వెసులుబాటును ప్రతి సంస్థా వదులుకుంది. దానధర్మాల ప్రపంచంలో అది చిన్న త్యాగం కాదు. ఫెడరల్ ప్రభుత్వపు గృహనిర్మాణ శాఖ 1990ల నుంచే ప్రాంతానికొకే దరఖాస్తు పెట్టమంటోంది. అందుకోసం దేశమంతటా దాదాపు 400 ప్రాంతీయ కూటములు ఏర్పడ్డాయి. వాటిలో చాలావరకు దరఖాస్తు వేళకు కలిసి, డబ్బు రాగానే ఎవరి దారి వారు చూసుకునేవే. హ్యూస్టన్ ఆ దరఖాస్తునే పని పద్ధతిగా మార్చుకుంది.

రెండో సంగతి, ముందు ఇల్లు ఇవ్వడం. మందు మానితేనే, ఉద్యోగం వెతుక్కుంటేనే అన్న షరతులు పెట్టకుండా తాళం చేతికిచ్చి, వైద్యం, కౌన్సెలింగ్ తర్వాత జోడిస్తారు. 1992లో న్యూయార్క్‌లో సామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టిన ఈ పద్ధతికి ‘హౌసింగ్ ఫస్ట్’ అని పేరు. హ్యూస్టన్‌లో టెంట్ల గుంపును ఖాళీ చేయించాలంటే ముందు అందులోని వారికి అపార్ట్‌మెంట్లు చూపిస్తారు. స్థలాన్ని మూసేది ఆ తర్వాతే. 2015 నాటికి మూడేళ్లలో 3,600కు పైగా మాజీ సైనికులకు ఇళ్లు దొరికాయి. 2022 నాటికి మొత్తం 25,000 మంది దాకా ఇళ్లలోకి వెళ్లారు. ఒక్క రాత్రి లెక్క 3,000 పైచిలుకుకు తగ్గింది. 720 రోజులు పట్టిన పని 32 రోజులకు దిగింది.

ఇవే సంవత్సరాల్లో కింగ్ కౌంటీ ఏం చేసింది? 2005లో పదేళ్ల ప్రణాళిక వేసుకుంది. పదేళ్లూ గడిచాయి, సమస్య పెరిగింది. 2019 డిసెంబరులో సియాటెల్, కౌంటీ కలిసి ప్రాంతీయ అథారిటీ ఒకటి పెట్టాయి. ఉద్దేశం మంచిదే. అయితే దానికి పన్ను వేసే అధికారం లేదు. ఎక్కడ ఏం కట్టాలో చెప్పే అధికారం లేదు. డబ్బు దాదాపు అంతా సియాటెల్, కౌంటీలదే. శివారు పట్టణాలకు మాత్రం డబ్బుతో నిమిత్తం లేకుండా బోర్డులో కుర్చీలు దక్కాయి. ఒక బోర్డు మీద ఇంకో బోర్డు. డౌన్‌టౌన్ సియాటెల్‌లో బయట పడుకునేవారు దాదాపు లేకుండా చేస్తామని 2022లో దాతల డబ్బుతో మొదలుపెట్టిన కార్యక్రమం 2023లో ఆగిపోయింది. అదే ఏడాది తొలి అధిపతి రాజీనామా చేశారు. 2024లో ఒప్పందాన్ని తిరగరాసి రెండు బోర్డులను ఒకటి చేశారు. 2022లో 13,000 పైచిలుకు ఉన్న ఇల్లులేనివారి లెక్క 2024లో 16,000 దాటింది. అథారిటీని తిట్టడం సులువు. చేతులు కట్టేసి ఈతకు దించినవాళ్లను ఎవరూ అడగలేదు.

డబ్బు దగ్గర ఊళ్ల మనస్తత్వం ఎలా ఉంటుందో 2020లో బయటపడింది. ఇళ్ల కోసం అమ్మకపు పన్నును 0.1 శాతం, అంటే వంద డాలర్ల సరుకు మీద పది సెంట్లు పెంచుకోవచ్చని రాష్ట్రం వెసులుబాటిచ్చింది. కౌంటీ ఆ డబ్బుతో హోటళ్లు కొని ఇళ్లుగా మార్చాలనుకుంది. కౌంటీ ఓటుకు ముందే ఏదైనా ఊరు సొంతంగా ఆ పన్ను వేసుకుంటే డబ్బు ఆ ఊళ్లోనే ఉంటుంది. బెల్వ్యూ, కెంట్, రెంటన్, ఇసాక్వా వంటి పట్టణాలు గబగబా సొంత పన్ను వేసుకున్నాయి. వాటి వాదన కొట్టిపారేయదగినది కాదు: మా డబ్బు మా కళ్ల ముందు ఖర్చు కావాలి, కౌంటీ చేతిలో పడితే సియాటెల్‌కే పోతుంది. కానీ ఉమ్మడి నిధికి పుట్టుకతోనే తూట్లు పడ్డాయి. మిగిలిన డబ్బుతోనే కౌంటీ హోటళ్లు కొంది. రెడ్మండ్‌లోని ఒక హోటల్ కూడా వాటిలో ఉంది.

ఇంత గొడవ మధ్య, అదే కౌంటీలో సరస్సుకు తూర్పున, చడీచప్పుడు లేకుండా ముప్పై ఏళ్లకు పైగా నడుస్తున్న పొత్తు ఒకటుంది. 1992లో బెల్వ్యూ, కర్క్‌లాండ్, రెడ్మండ్, కౌంటీ కలిసి ‘ఆర్చ్’ అనే సంస్థ పెట్టుకున్నాయి. తర్వాత మిగతా పట్టణాలు చేరి సభ్య పట్టణాలు పదిహేను దాకా అయ్యాయి. కెన్‌మోర్ కూడా వాటిలో ఒకటి. ప్రతి ఊరూ తన వంతు డబ్బు ఉమ్మడి నిధిలో వేస్తుంది. తక్కువ అద్దె ఇళ్ల ప్రతిపాదన ఏ ఊళ్లో వచ్చినా ఆ నిధిలోంచి అప్పో గ్రాంటో ఇస్తారు. సొంతంగా గృహ విభాగం నడపలేని చిన్న ఊళ్లకు ఆర్చ్ సిబ్బందే ఆ పని చేసిపెడతారు.

షెల్టర్ల విషయంలో ఈ తూర్పు ఊళ్లు చేసుకున్న పంపకం నాకు ఇంకా నచ్చింది. ఒంటరి మగవాళ్ల షెల్టర్ బెల్వ్యూది, మహిళలు, కుటుంబాలది కర్క్‌లాండ్‌ది, యువతది రెడ్మండ్‌ది. మాకే ఎందుకు అన్న ప్రశ్నకు ఎదుటివాళ్లకూ ఉందిగా అన్న జవాబు తయారుగా ఉంటుంది. అలాగని సాఫీగా జరిగిపోలేదు. బెల్వ్యూ వాటాకొచ్చిన షెల్టర్ స్థలం మీద ఏళ్ల తరబడి గొడవ నడిచింది. చివరికి 2023లో ఈస్ట్‌గేట్ దగ్గర వంద పడకల షెల్టరూ, ఆ పక్కనే ప్లిమత్ కట్టిన 92 శాశ్వత ఇళ్లూ తెరుచుకున్నాయి.

మరి హ్యూస్టన్ జాబితాను, తూర్పు ఊళ్ల పంపకాన్ని కలిపితే సియాటెల్ సమస్య తీరుతుందా? నాకు నమ్మకం లేదు. హ్యూస్టన్ విజయానికి సగం కారణం ఆ ఊరి అద్దెలు. ఏ ప్రాంతంలో ఏం కట్టాలో నిర్దేశించే జోనింగ్ చట్టం లేని మహానగరం అది. అక్కడ అపార్ట్‌మెంట్లు లేస్తూనే ఉంటాయి, ఖాళీలు దొరుకుతాయి. జాబితాలో పేరు పైకి రాగానే తీసుకెళ్లి చూపించడానికి ఒక గది ఉంటుంది. సియాటెల్‌లో జాబితా ఎంత చక్కగా ఉన్నా దాని చివర గది లేదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగ్ కోల్బర్న్, మరో రచయిత క్లేటన్ పేజ్ ఆల్డర్న్‌తో కలిసి 2022లో వేసిన పుస్తకంలో అమెరికా నగరాలను పక్కపక్కన పెట్టి చూశారు. మత్తుపదార్థాలు, మానసిక రోగాలు, పేదరికం ఎక్కువున్న నగరాల్లోనే ఇల్లులేనివారు ఎక్కువ ఉండాలి కదా? అలా లేరు. అద్దెలు ఎక్కువగా, ఖాళీ ఇళ్లు తక్కువగా ఉన్నచోటే ఎక్కువున్నారు.

అద్దెలు ఎవరివల్ల పెరిగాయన్నది సున్నితమైన ప్రశ్న. పెద్ద జీతాల సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వచ్చి చేరారు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. రావడం తప్పు కాదు. వచ్చినన్ని కుటుంబాలకు సరిపడా ఇళ్లు కట్టనివ్వకపోవడంతో నర్సు ఇంటి కోసం ఇంజనీరూ, వంటమనిషి గది కోసం నర్సూ పోటీపడ్డారు. ఆఖరి మెట్టు మీదున్నవాడు కిందపడ్డాడు. 2019 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఈ ప్రాంతపు ఇళ్ల కోసం 50 కోట్ల డాలర్లు ప్రకటించింది, తర్వాత దాన్ని 75 కోట్లకు పెంచింది. ఆ ప్రకటన రోజున నిబంధనలు సడలించే దారి చూస్తామని తొమ్మిది శివారు పట్టణాల మేయర్లు మాటిచ్చారు. డబ్బున్నా స్థలం మీద ఊరి అనుమతి లేనిదే ఏమీ లేవదని ఆ కంపెనీకి తెలుసు.

ఇక హ్యూస్టన్‌కూ ఒక బలహీనత ఉంది. అక్కడి డబ్బులో సింహభాగం ఫెడరల్ ప్రభుత్వానిది. కరోనా కాలపు ప్రత్యేక నిధులు అయిపోయాయి. 2025 జూలైలో ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు ‘హౌసింగ్ ఫస్ట్’కు మద్దతు ఉపసంహరించే దిశలో ఉంది. కూటమిలో అందరూ ఒక్క మాట మీదున్నా, డబ్బిచ్చేవాడు కూటమి బయట ఉన్నాడు.

వాషింగ్టన్ రాష్ట్రం 2021లో ఇంకో దారి తొక్కింది. భవిష్యత్తులో కావలసిన ఇళ్లను ఆదాయ వర్గాల వారీగా లెక్కగట్టి, ఏ ఊరి వంతు ఎంతో పంచాలని చట్టం చేసింది. కింగ్ కౌంటీకి 2044 నాటికి మూడు లక్షలకు పైగా ఇళ్లు కావాలని తేలింది. అందులో బెల్వ్యూ వంతు 35,000, రెడ్మండ్ వంతు 20,000. బిల్ గేట్స్ ఉండే మెడీనా వంతు 19. పక్కనున్న హంట్స్ పాయింట్ వంతు ఒక్కటి. వంతులు వేసింది కౌంటీ, ఊళ్లు కలిసి కూర్చునే ప్రణాళికా మండలే. ఆ చట్టం ప్రకారం ప్రతి ఊరూ తన వంతు ఇళ్లకు చోటుండేలా నిబంధనలు మార్చుకోవాలి. కట్టించే బాధ్యత మాత్రం ఎవరి మీదా పెట్టలేదు. బాగా పేదలకు చేరాల్సిన ఇళ్లు ప్రభుత్వ డబ్బు లేకుండా లేవవు. ఆ డబ్బు ఎక్కడినుంచి రావాలన్నది ఆ చట్టంలో లేదు.