బూజు దుమ్మును, మానని దగ్గును

క్షయవ్యాధికి మందు పుచ్చుకొని నయమైన రైతులు కొందఱు, కొన్ని సంవత్సరములకు మరల దగ్గుచు, కఫములో నెత్తురు చూచి, పాతరోగమే తిరుగబెట్టినదని బెంగటిల్లుట కలదు. కఫమును పరీక్షించిన క్షయక్రిమి కానరాదు. అయినను క్షయమందులే మరల వాడుచుందురు. ఇట్టివారిలో కొందఱిని బాధించునది క్షయ కాదు. ఊపిరితిత్తులలో చేరిన బూజు.

దీని పేరు ఆస్పర్జిల్లస్. 1729లో ఇటలీదేశపు వృక్షశాస్త్రజ్ఞుడు మికేలీ దీనిని సూక్ష్మదర్శినిలో చూచి, క్రైస్తవ దేవాలయములలో తీర్థము చల్లెడు సాధనమును పోలియున్నదని యీ పేరిడెను. తడిసి వేడెక్కిన గడ్డివాములోను, పెంటకుప్పలోను, బూజుపట్టిన గింజలలోను ఇది పెరుగును. వాము పెఱికినపుడు లేచెడు దుమ్ములో దీని బీజములు లెక్కకు మించి యుండును. మిల్లీమీటరులో సుమారు 400వ వంతు మాత్రమే యుండుటచే లోతుగా పోగలవు. ఆరోగ్యవంతుని శరీరము వానిని నశింపజేయును. క్షయ మానిన పిమ్మట మిగిలిన గుంటలలో మాత్రము అవి నాటుకొని, ఒక్కొక్కప్పుడు ఉండవలె పెరుగును. ఉబ్బసరోగులకు వేఱొక రీతిగా, ఆయాసమును హెచ్చించును. ఇది మనిషినుండి మనిషికి అంటదు. రోగికి వేఱు కంచము పెట్టుట వట్టి అన్యాయము.

మూడునెలలు మించిన దగ్గు, బరువు తగ్గుట, నీరసము కలిగినపుడు మొదట క్షయ యున్నదో లేదో తేల్చుకొనవలెను. లేదని తేలినచో, సి.టి. చిత్రమును, ఈ బూజునకు సంబంధించిన ఐ.జి.జి. రక్తపరీక్షను గూర్చి వైద్యుని అడుగుడు. ఒక్క ఎక్సురేతో నిర్ణయము కాదు.

ఇట్రాకొనజోల్ ముఖ్యమైన మందు. కనీసము ఆఱునెలలు, వైద్యుడు కాలేయమును పరీక్షించుచుండగా వాడవలెను. గొట్టపు మాత్రలను భోజనముతో మ్రింగవలెను. క్షయకిచ్చెడు రిఫాంపిసిన్ దీని బలమును మిక్కిలి తగ్గించును గావున, ఏయే మందులు వాడుచున్నారో దాచరాదు. ఉండ ఒక్కటే యుండి, రోగికి ఓపిక యున్నచో శస్త్రచికిత్సయు కలదు. నెత్తురు హెచ్చుగా పడినచో తెల్లవారువఱకు ఆగక పెద్దాసుపత్రికి పోవలెను.

వరి పాముపొడకు మనము చల్లెడు హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ ఈ మందునకు దాయాదులే. ఇట్టి మందులకు లొంగని బూజు మన దేశపు మట్టిలో కనబడినట్లు 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తెగులు లేకయే ముందుజాగ్రత్తయని చల్లువారు దీనిని ఆలోచింపవలెను.

గడ్డి బాగుగ ఎండిన పిదపనే వాము వేయుడు. బూజుపట్టిన గడ్డిని కొంచెము తడిపి, గాలి వీపునకు తగులునట్లు నిలిచి తీయుడు. తువ్వాలు ఈ బీజముల నాపదు. ఎన్-95 ముసుగు కావలెను. క్షయ మానినవారిని, ఉబ్బసము గలవారిని ఆ పనికి పిలువకుడు.