మీకు తెలుసా? చెవిలో 40, మెదడులో 40

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ శిల్పుల చేతిలో ఉలిమీద సుత్తి ఎంత చురుగ్గా ఆడినా సెకనుకు నాలుగైదు దెబ్బలే. అదే సెకనుకు 40 టిక్కులు చెవిలో పడితే? విడివిడిగా తెలియవు, గరగరమనే మోతలా ఉంటుంది. మెదడు తరంగాలు మాత్రం సరిగ్గా ఆ లెక్కకే తాళం వేస్తాయి. ఆ తరంగాలను నమోదుచేసే ఈఈజీ పరీక్షలో అది కనిపిస్తుంది. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవారిలో ఈ తాళం నీరసిస్తుందని 1999లో క్వాన్ అనే పరిశోధకుడి బృందం అమెరికాలో చూపింది. విచిత్రమేమంటే 20, 30 టిక్కుల దగ్గర అలా తగ్గలేదు, 40 దగ్గరే!

మరి శబ్దంతో, వెలుగుతో ఆ తాళాన్ని సరిచేయలేమా? కోత లేదు, సూది లేదు కనుక ఆశ పుడుతుంది. కానీ ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. యూట్యూబ్‌లోని ‘40 హెర్ట్జ్’ వీడియోలు వైద్యం కావు; మూర్ఛ ఉన్నవారికి మిణుకు లైట్లు ప్రమాదం కూడా. స్కిజోఫ్రీనియాకు ప్రధాన చికిత్స ఇప్పటికీ మందులే. మందులేసుకున్నా లేని మాటలు వినిపిస్తూనే ఉన్న కొందరికి బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి 2 మిల్లీఆంపియర్ల కరెంటును 20 నిమిషాలు పంపి చూశారు. అది చెవి దారి కాదు, పుర్రె దారి. నంద్యాలవాళ్లు అంతదూరం బస్సెక్కేముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు: ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.