శుక్లము పండువరకు ఆగవలెనా?



మా చెన్నేకొత్తపల్లిలో ముసలివారు నలుగురు అరుగుమీద కూర్చుండినచో ఒక మాట తప్పక వినబడును. "కంట్లో పొర వచ్చినాదంట. ఇంకా పండలేదంట. పండినాక తీపిచ్చుకుంటాడంట." ఈ మాటను చిన్ననాటినుండి వినుచున్నాను. మా జేజి నోటను వింటిని. దానిని నమ్మియే ఆమె ఒక కన్నును పోగొట్టుకొనెను. నేను వైద్యుడను కాను. బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. నాకును శుక్లములు వచ్చినవి. ఒక కంటికి చికిత్స జరిగినది, రెండవదానికి జరుగవలసియున్నది. వైద్యుల నడిగి తెలిసికొన్నదియు, మా యింట చూచినదియు మీకు విన్నవించుకొందును.

కంటి నడుమ నల్లగా కనబడు పాప ఒక ద్వారమువంటిది. దాని వెనుక పప్పుగింజవలె ఇరువైపుల ఉబ్బి, నీటివలె తేటయైన చిన్న బిళ్ళ యొకటి కలదు. దానిని కటకమందురు. వెలుగు ఆ బిళ్ళగుండ పోయి లోపలి తెరపై చక్కగా పడినప్పుడే మనకు చూపు. కోడిగ్రుడ్డులోని తెల్లసొనను తలచుకొనుడు. పచ్చిగా నున్నప్పుడు దానిగుండ అవతలి వస్తువు కనబడును; ఉడికిన పిమ్మట కనబడదు. కటకము కూడ అట్టి మాంసకృత్తులతోనే ఏర్పడినది. కంటిలో పొయ్యి లేదు గాని, ఏండ్లు గడచినకొలది అవి ముద్దకట్టి మసకబారును. అదియే శుక్లము.

కావున శుక్లము కంటిపై పెరిగిన పొర కానే కాదు. "పొర" యను పేరు మనలను చాల మోసగించినది. పైనున్న పొర యనుకొన్నవాడు దానిని కరిగింప జూచును. ఆకుపసరు పిండును, సంతలో ఎవడో అమ్మిన చుక్కలు వేయును. లోపలి బిళ్ళ మాసినప్పుడు పైన పోసిన పసరు ఏమి చేయగలదు? శుక్లమును కరిగించు మందు నేటివరకు లేదు. పసరుచేత నల్లగ్రుడ్డు పుండై పువ్వు పడెనేని, తరువాత శుక్లము తీసినను చూపు సరిగా రాదు.

శుక్లము వచ్చుచున్నదని తెలియుటకు నొప్పి యుండదు, ఎఱుపు ఉండదు. రాత్రివేళ మన యూరి పెద్దరోడ్డుమీద ఎదురువచ్చు లారీ దీపము పగిలి చెదరినట్లుండును. ఒంటికంటితో చూచినను చంద్రుడు రెండుగా కనబడవచ్చును. రంగులు వెలిసి పసుపుపాఱును. ధర్మవరపు మగ్గముమీద పని చేయువారికి ఇది ముందుగా తెలియును. తెగిన పట్టుపోగు అతుకునప్పుడు కన్ను దాచుకొన్నదంతయు బయటపడును.

ఇంకొక వింత కలదు. చత్వారమువచ్చి అద్దములు పెట్టినవాడు, అరువదియేండ్లు దాటిన పిమ్మట ఒకనాడు అద్దములు లేకయే పత్రిక చదువగలుగును. "నాకు చూపు తిరిగివచ్చినది" అని ఊరంతయు చెప్పుకొనును. నేనును చెప్పుకొంటిని. అది శుక్లము మొదలగుచు కటకపు బలమును మార్చుటచేత కలిగిన తాత్కాలిక లాభము. నా సంబరము ఏడాది నిలువలేదు.

ఇక మా జేజి సంగతి. ఆమెకు కుడికన్ను మసకబారినప్పుడు "పండనీలే నాయనా, సెనక్కాయ పెరికినాక సూస్తాము" అనెను. ఆ యేడు పంట రాలేదు. మరుసటియేడు ఇంట పెండ్లి. ఆ మరుసటియేడు మా చిన్నాయనకు జబ్బు. కన్ను పండెను, పండి తెల్లనాయెను, ఆమె ఊరకుండెను. ఒకరాత్రి ఆ కన్ను ఎఱ్ఱబడి, తలనొప్పి పుట్టి, వాంతులాయెను. పైత్యమనుకొని నొసట శొంఠి రుద్దితిమి. నాలుగవనాడు పట్టణమునకు తీసికొనిపోతిమి. మితిమీరి పండిన బిళ్ళ కరగి కారి, కంటిలో ఒత్తిడి పెరిగి, వెనుకనున్న నరము చచ్చెనని వైద్యుడు చెప్పెను. కంటికెదుట దీపము పట్టినను ఆమెకు తెలియలేదు. తప్పు వైద్యునిది కాదు, ఆమెది మాత్రమును కాదు; ఇంట కన్నులున్న మాయందఱిది.

అయినను "పండవలెను" అన్న పెద్దలు అబద్ధమాడలేదు. ఒకకాలమున అది వైద్యులే చెప్పిన మాట. సుశ్రుతుని కాలమునుండి మన దేశమున కంటిలోనికి సన్నని శలాకను పోనిచ్చి, మాసిన బిళ్ళను దారికి అడ్డములేకుండ క్రిందికి త్రోయుచుండిరి. ఊరూర తిరుగుచు ఆ పని చేసినవారును ఉండిరి. త్రోసిననాడు రోగికి వెలుగు కనబడును. వారు కానుకలు పుచ్చుకొని తరలిపోయిన పిమ్మట ఎన్నో కన్నులు చీము పట్టి పోవుచుండెను. 1747లో దావియేలను ఫ్రెంచి వైద్యుడు బిళ్ళను త్రోయుటకు మాఱుగా కోసి బయటికి తీసెను. ఆ పద్ధతిలో పచ్చిబిళ్ళ జిగటగా అంటుకొని తునుకలు లోపల మిగులును. పండినది సులువుగా వచ్చును. పైగా తీసిన బిళ్ళకు బదులు ఏమియు పెట్టుట లేదు గనుక, సీసా అడుగువంటి దళసరి అద్దములు లేనిదే ఏమియు కనబడదు. సగముచూపు ఉన్నవానికి అట్టి చికిత్స చేసిన వాడు ఇంకను చెడిపోవును. కావున ఆగుమనిరి.

ఆ కారణములు రెండును నేడు లేవు. రెండవ ప్రపంచయుద్ధమున విమానపు ముందుభాగపు పారదర్శకమైన ప్లాస్టిక్కు పగిలి కొందఱు వైమానికుల కన్నులలో గ్రుచ్చుకొనెను. ఆ తునుకలు కంటిలో నిలిచియు దానిని చెఱుపకుండుట హెరాల్డు రిడ్లీ యను ఆంగ్లవైద్యుడు కనిపెట్టెను. దానితోనే కటకము చేసి 1949 నవంబరు 29న లండనులో ఒక రోగి కంటిలో అమర్చెను. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ సూక్ష్మధ్వనిచే బిళ్ళను పొడిచేసి చిన్నరంధ్రముగుండ పీల్చు విధమును తెచ్చెను. కటకమునకు వెల యెక్కువయై పేదలకందని దినములుండెను. 1992లో మధురలోని అరవింద కంటి ఆసుపత్రివారు అరోల్యాబు నెలకొల్పి ఇక్కడనే చవుకగా చేయసాగిరి. ఇప్పుడు పండి గట్టిపడిన బిళ్ళయే కష్టము. పొడిచేయుటకు ఎక్కువ శ్రమ, కంటికి ఎక్కువ దెబ్బ. పూర్వము పండుట వైద్యునికి సాయము, నేడు అడ్డు.

అట్లని మసక కనబడిననాడే పరుగెత్తవలెనని కాదు. మీ పనికి చూపు చాలనప్పుడు చేయించుకొనుడు. నేతగానికి ముందుగా కావలెను; మేకలు కాచువానికి కొంత ఆలస్యముగా నైనను సాగును. నడుమ ఏటేట చూపించుకొనుట మేలు. ఏలయన మసకకు శుక్లమొక్కటే కారణము కాదు. నీటికాసులు చడిచప్పుడు లేక చూపును అంచులనుండి తినును, పోయినది తిరిగిరాదు. చక్కెరవ్యాధి లోపలి తెరను చెఱుచును. ఇంటిలో కూర్చుండి ఇది శుక్లమే యని తీర్పు చెప్పరాదు.

1996 మొదలు 2000 వరకు హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాదు కంటి వైద్యశాలవారు ఆంధ్రదేశమున నాలుగుచోట్ల 10,293 మందిని పరీక్షించిరి. మన సీమ అందులో లేదు. నూటికి ఇంచుమించు ఇద్దఱు గ్రుడ్డివారుగా తేలిరి. ఆ గ్రుడ్డితనములో నూటికి 44 వంతులు శుక్లమువలన, 16 వంతులు సరియైన అద్దములు లేమివలన. అనగా సగముకంటె ఎక్కువ చీకటి మానుపదగినదే! 1991లో పుట్టపర్తి చెంత తెఱచిన పెద్దాసుపత్రిలో కంటి శస్త్రచికిత్స వెల లేకయే చేయుదురు. 2019 అక్టోబరు 10న అనంతపురములో ప్రభుత్వమువారి "కంటివెలుగు" ఆరంభమై, మొదట బడిపిల్లలకు పరీక్షలు జరిగెను. ఐనను మన యిండ్లలో తాతను ముందు పంపుదురు, జేజి "నాకెందుకులే" అనును, ఆ మాటను అందఱును వెంటనే ఒప్పుకొందురు. ఇది నాకు నచ్చదు.

శుక్లము రాకుండ చేయు ఉపాయము కలదా? వయస్సును ఆపలేము. త్వరపెట్టునవి కొన్ని కలవు: చక్కెరవ్యాధి, బీడీ చుట్టలు, కంటికి తగిలిన దెబ్బ, మన యెండ. ఎండలో పనిచేయునప్పుడు తలగుడ్డ నుదుటిమీదికి నీడవచ్చునట్లు కట్టుడు, దొరకినచో నల్లద్దములు పెట్టుడు. స్టెరాయిడు చుక్కలను, మాత్రలను వైద్యుడు చెప్పక వాడుటచేతను శుక్లము వచ్చును. పసిబిడ్డ కంటిపాప తెల్లగా కనబడినచో ఒక్కదినమైనను ఆగరాదు. ఆ వయస్సున కన్ను చూచుట నేర్వకపోయిన తరువాత నేర్వదు.

చికిత్సనుగూర్చి నా అనుభవము చెప్పెదను. చక్కెర, రక్తపుపోటు చూచిరి, కటకపు కొలత తీసిరి. కంటికి మొద్దుమందు ఇచ్చిరి. అరగంటలోపల పని ముగిసెను, నొప్పి తెలియలేదు. మరునాడు కట్టు విప్పగా మా కోడలి చీర ఆకుపచ్చదని తెలిసినది. బూడిదరంగని రెండేండ్లు అనుకొంటిని. చుక్కలు నెలకుపైగా వేసితిని. కన్ను నలుపరాదు, కొన్నాళ్లు తలమీద నీళ్లు పోసికొనరాదు, బరువెత్తరాదు అనిరి. నొప్పి, ఎఱుపు పెరిగినను, చూపు తగ్గినను ఆ దినమే రమ్మనిరి. చదువుటకు అద్దములు ఇప్పటికిని పెట్టుకొందును. కొందఱికి కొన్ని నెలలకో ఏండ్లకో మరల మసక వచ్చును. పొర తిరిగి మొలిచినదందురు. అది కటకము వెనుక మిగిల్చిన సంచి మాయుట. లేజరు కిరణముతో కొద్దిసేపటిలో తొలగింతురు, కోత అక్కఱలేదు.

నా రెండవకంటికి తేదీ తీసికొన్నాను. సెనక్కాయ పెరికినాక పోవచ్చు గదా యని మా యింటివారనిరి. ముందే పోవుచున్నాను. మా వీధిలోని ముసలమ్మ యొకతె కూడ వచ్చెదనన్నది. ఆమెకు తోడు మా కోడలు.