లినక్సు యంత్రము మూగవోయినప్పుడు

మా కంప్యూటరు గదిలోని యంత్రములన్నియు లినక్సు వ్యవస్థతో నడచుచున్నవి. వానిలో కిటికీ చెంతనున్న దానిపై చూపు లేని విద్యార్థి యొకడు చదువుకొనును. తెరమీది యక్షరములను ఓర్కా యను సాధనము గ్రహించి యందింపగా, ఈస్పీక్ యను మరియొకటి వానిని తెలుగునను ఇంగ్లీషునను చదివి వినిపించును. వేసవి సెలవుల పిదప నతడు వచ్చి, హెడ్‌ఫోను తగిలించుకొని, కొంతతడవు కదలక కూర్చుండి, "మాస్టరుగారూ, ఇది నాతో మాటలాడుట లేదండీ" యనెను. ధ్వని లేకున్న తక్కిన బాలురకు పాట వినబడదు. ఇతనికి పలకయే లేనట్లు. మొదటి పరీక్షకు పది దినములు మాత్రమే గడువుండెను.

అప్పుడు మేము చేసిన పనిని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. కారణము వెదకక వ్యవస్థనంతయు తుడిచి మరల నెక్కించితిమి. పూట గడచినది గాని యంత్రము నోరు విప్పలేదు. ధ్వని యే త్రోవను వచ్చునో యెరిగియుండినచో నిట్లు చేసియుండము. ఇండ్లలో లినక్సు వాడు తల్లిదండ్రులకును విద్యార్థులకును పనికివచ్చునని యా త్రోవ నిచట వివరించుచున్నాము.

కాలువనీరు పొలమునకు చేరవలెనన్న, లాకు మొదలుకొని పంటబోదె తూము వరకు అన్నియు తెరచియుండవలెను గదా. ధ్వనియు నట్లే. అడుగున సౌండుకార్డు గలదు. దానిని నడపునది డ్రైవరు. ఈ డ్రైవరులు లినక్సు కెర్నెలులోని ఆల్సా యను విభాగమునకు చెందినవి. పూర్వము ఓ.ఎస్.ఎస్. అను పద్ధతి యుండెడిది. యారోస్లావ్ కిసెలా యను నాతడు గ్రావిస్ అల్ట్రాసౌండు కార్డు డ్రైవరు నాధారముగా గొని 1998లో ఆల్సాను ప్రారంభించెను. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెలు మొదలుకొని యదియే ప్రధానమైనది. ఆల్సాపైన ధ్వనిసర్వరు కూర్చుండును. పలు ప్రోగ్రాముల ధ్వనులను కలిపి, వానినే కార్డునకు పంపవలెనో నిర్ణయించుట దాని పని. 2007లో ఫెడోరా 8తో పల్స్‌ఆడియో యీ స్థానమునకు వచ్చెను. 2021లో ఫెడోరా 34 దానికి బదులు పైప్‌వైరును నిలిపెను.

మొదట విచారింపవలసినది డ్రైవరును గూర్చి. టెర్మినలులో ఏప్లే యని వ్రాసి, ఖాళీ విడిచి, అడ్డుగీటుతో చిన్న ఎల్ అక్షరము చేర్చినచో కెర్నెలు గుర్తించిన కార్డుల పట్టిక వచ్చును. కార్డేదియు లేదని వచ్చినచో డ్రైవరో ఫర్మ్‌వేరో లోపించినదని యెంచవలెను. క్రొత్త లాప్‌టాపులు కొన్నిటికి సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ నెక్కించినగాని ధ్వని రాదు. మాకు మాత్రము రెండు కార్డులు కనబడినవి: ఒకటి హెచ్‌డీఎమ్‌ఐ, రెండవది పీసీహెచ్ అను సాధారణపు కార్డు. డ్రైవరు నిర్దోషి యని తేలినది. మా పూటకష్టము వృథాయనియు తేలినది.

పిదప సర్వరును చూచితిమి. డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్ అను నాజ్ఞ నిచ్చినచో ధ్వని పోవు స్థానములు వరుసగా కనబడును. ప్రస్తుతము వాడబడుచున్న దాని చెంత నక్షత్రపు గుర్తుండును. మా నక్షత్రము హెచ్‌డీఎమ్‌ఐ కడ నుండెను. సెలవులలో నెవరో క్రొత్త మానిటరును ఆ తీగెతో తగిలించిరి. దానికి స్పీకర్లు లేవు. పాఠమంతయు నోరులేని మానిటరునకు పోవుచుండెనన్నమాట! నక్షత్రమును మార్చితిమి. ఐనను నిశ్శబ్దమే.

ఇక మిగిలినది మిక్సరు. పెక్కుమంది తప్పటడుగు వేయునది యిచటనే. ఆల్సామిక్సరును తెరచినప్పుడు మొదట కనబడునది తరచుగా సర్వరు చూపు మాస్టరు గడి యొక్కటియే. దానిని చూచి "నూటికి నూరున్నది, లోపమిచట లేదు" అని మూసివేయుదురు. మేమును తొలుత నట్లే చేసితిమి. ఎఫ్6 మీట నొక్కి యసలు కార్డును ఎన్నుకొనవలెను. అప్పుడు మాస్టరు, హెడ్‌ఫోను, స్పీకరు, పీసీఎమ్ అను గడులు వేర్వేరుగా కనబడును. గడి క్రింద ఎమ్ఎమ్ అని యున్నచో నది మూయబడినది. ఓఓ యని యున్నచో తెరవబడినది. మాస్టరు తెరచియున్నను హెడ్‌ఫోను గడి మూసియుండవచ్చును. మాది సరిగా నట్లే యున్నది. ఆ గడిపై నిలిచి ఎమ్ మీట నొక్కితిమి. తోడనే బాలుని తల పైకి లేచినది.

అటుపిమ్మట ఆల్సాసీటీఎల్ స్టోర్ అను నాజ్ఞను నిర్వాహకుని యధికారముతో ఇచ్చి యీ యమరికను భద్రపరచితిమి. అంతటితో ముగిసినదనుకొంటిమి గాని, బాలుడు "మరల మూగవోయినచో నేనేమి చేయుదునండీ?" అని యడిగెను. న్యాయమైన ప్రశ్న. మిక్సరు గడులు అతనికి కనబడవు, వాని పేర్లు చదివి చెప్పు గొంతే యప్పుడుండదు. కావున చూడనక్కరలేని యుపాయము వెదకితిమి. ఏమిక్సరు అను నాజ్ఞతో హెడ్‌ఫోను గడిని తెరచుటయు, పీఏసీటీఎల్ అను నాజ్ఞతో ధ్వనిస్థానమును పేరు పెట్టి నిర్ణయించుటయు ఒక చిన్న ఫైలులో వ్రాసి, దానిని మూడు మీటల కలయికకు ముడిపెట్టితిమి. కార్డును సంఖ్యతో గాక పీసీహెచ్ అను పేరుతోనే సూచించితిమి. ఏలయన యంత్రమును తిరిగి తెరచినప్పుడు సంఖ్యలు తారుమారు కావచ్చును.

సెప్టెంబరులో నొకనాడు మానిటరు తీగె నూడదీసి మరల పెట్టగా ధ్వని యాగిపోయెనట. మేము ప్రక్క తరగతిలో నుంటిమి. వచ్చి చూచునప్పటికి బాలుడు సాంఘికశాస్త్రము వినుచుండెను.