బహుమతి సొమ్ము ఎవరి జేబులోంచి వస్తోంది?

2011లో జర్మనీలోని కొలోన్‌లో వాల్వ్ అనే అమెరికా కంపెనీ తన డోటా 2 వీడియో గేమ్‌కు ‘ది ఇంటర్నేషనల్’ పేరిట మొదటిసారి పోటీ పెట్టినప్పుడు 16 లక్షల డాలర్ల బహుమతి సొమ్మంతా తానే పెట్టుకుంది. 2013లో పద్ధతి మారింది. పది డాలర్లకు ‘కంపెండియం’ అనే డిజిటల్ పుస్తకం అమ్మి, వచ్చిన దాంట్లో నాలుగో వంతు బహుమతి నిధిలో కలిపారు. కొన్నవాళ్లకు ఆటలో పాత్రల వేషాలు, అలంకారాలు వచ్చేవి. తర్వాత ‘బ్యాటిల్ పాస్’గా మారిన ఈ ఏర్పాటుతో నిధి 2014లో కోటి డాలర్లు దాటింది, 2021లో బుఖారెస్ట్ పోటీ నాటికి 4 కోట్లకు చేరింది. గెలిచిన టీమ్ స్పిరిట్ జట్టుకు అందులోంచి 1.82 కోట్ల డాలర్లు దక్కాయి.

దీన్ని అభిమానుల విరాళంగా చెప్పుకోవడం అలవాటైంది. లెక్క వేస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. కంపెనీ పెట్టిన 16 లక్షలు తీసేస్తే 3.84 కోట్లు కొనుగోలుదారులవి. అది నాలుగో వంతు కాబట్టి మొత్తం అమ్మకాలు సుమారు 15 కోట్ల డాలర్లు. 11 కోట్లకు పైగా కంపెనీకే మిగిలాయి. వేషాలు గీసేవాళ్లకు, సర్వర్లకు ఖర్చవుతుంది గనుక ఆ వాటాను నేను తప్పుపట్టను. అసలు చిక్కు, పోగైనదంతా ఏడాదికొక్క పోటీలో, అందులోనూ 45.5 శాతం ఒకే జట్టుకు, పోయడంలో ఉంది. రెండో స్థానానికి దక్కింది 13 శాతమే. ఆన్‌లైన్ అర్హత పోటీల్లో ఓడిపోయే వందల మంది ఏడాది పొడవునా బతకడానికి ఆ నిధి ఏమీ చేయలేదు.

ఇష్టపడి కొన్న డబ్బే కదా, కంపెనీ ఎలా పంచితే ఏమని అడగవచ్చు. నిజమే, ఎవరూ బలవంతపెట్టలేదు. కానీ ఆ డబ్బు పోటీకి వెళ్తుందన్న మాటే అమ్మకానికి ఊతమైనప్పుడు, ఎవరికి ఎంత చేరుతుందో అడిగే హక్కు కొన్నవాడికి ఉంటుంది. భారీ మొత్తం లేకపోతే ఆటను ఎవరు పట్టించుకుంటారన్నది ఇంకా బలమైన వాదన. ప్రచారం విలువను కాదనలేం. అయితే అంత పెద్ద మొత్తం ఒక్క అమ్మకపు నిర్ణయం మీద నిలబడింది. చాలామంది ఆటగాళ్లు బ్యాటిల్ పాస్ కొననే కొనరంటూ 2023లో వాల్వ్ దాన్ని పక్కన పెట్టగానే నిధి దాదాపు 32 లక్షలకు పడిపోయింది. 2024లో రియాద్‌లో జరిగిన ఈస్పోర్ట్స్ (వీడియో గేమ్ పోటీల) ప్రపంచ కప్ మొత్తం బహుమతులు 6 కోట్ల డాలర్లు దాటాయి, కానీ వాటి వెనుక ఉన్నది సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి. దాత మారాడు, ఒక్క చేతి మీద ఆధారపడటం మారలేదు.

మన దేశానికి వస్తే, తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ఈస్పోర్ట్స్‌ను గుర్తిస్తూనే, రుసుము పోటీలో చేరడానికో నిర్వహణ ఖర్చులకో మాత్రమేనని, పందేలు కుదరవని చెప్పింది. ఇక్కడ బహుమతి భారం ఆట కంపెనీ, ప్రాయోజకుల మీదే పడుతుంది. అలాంటప్పుడు అమ్మకాల్లో పోటీకి వెళ్లే వాటా ఎంతో ముందే ప్రకటించి, అందులో కనీసం సగం అర్హత పోటీలకు, ప్రాంతీయ లీగ్‌లకు, జట్ల జీతాలకు కేటాయించాలి.